టన్ను గుమ్మడి గింజలో ఏముంటుంది? తూకం చెప్పేది, చెప్పనిది

ఏటా అక్టోబరు రాగానే ఫోన్లలో ఒకే రకం వీడియోలు తిరుగుతాయి. క్రేనుకు వేలాడే గుమ్మడికాయ, కింద తూకం యంత్రం, చుట్టూ చప్పట్లు. 2025 అక్టోబరు 4న ఇంగ్లండ్‌లో తూచిన కాయ 1,278.8 కిలోలు తూగి ప్రపంచ రికార్డుకెక్కింది. దాదాపు పదమూడు క్వింటాళ్లు, ఒక్క కాయ! ఆ వీడియోల వెనకే విత్తనాల ప్రకటనలూ వస్తాయి. ప్యాకెట్ మీద రికార్డు కాయ బొమ్మ, లోపల పది గింజలు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కూరగాయలు పండించే రైతులు, మిద్దెతోటలు పెంచేవారు వాటిని చూసి అడుగుతున్న ప్రశ్న సూటిగా ఉంది: ఆ గింజ తెచ్చి మన చెలకలో పెడితే అంత కాయ కాస్తుందా?

దీనికి అవును, కాదు అని ఒక్క మాటలో చెప్పడం కుదరదు. ఎందుకు కుదరదో తెలిస్తే గుమ్మడికే కాదు, ఏ విత్తనం కొనేటప్పుడైనా ఏం అడగాలో తెలుస్తుంది. ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. ఈ కాయలు జన్యుమార్పిడి పంటలు కావు. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట బీటీ పత్తి ఒక్కటే, దానికి 2002లో అనుమతి వచ్చింది. భారీ గుమ్మడి వెనక ఉన్నది పెద్ద కాయల గింజలను ఏరి, ఎంచుకున్న పువ్వు మీద ఎంచుకున్న పుప్పొడి అద్ది, తరతరాలుగా చేసిన ఎంపిక మాత్రమే.

## మన సంతలో గుమ్మడి, వాళ్ల తూకంలో గుమ్మడి

గుమ్మడి అనే ఒక్క పేరు కింద మనం వేర్వేరు జాతులను కలిపి పిలుస్తాం. దిష్టికి గుమ్మానికి కట్టే, వడియాలు పెట్టే బూడిద గుమ్మడి పూర్తిగా వేరే ప్రజాతికి చెందిన మొక్క. కూర వండుకునే తియ్య గుమ్మడి మన దగ్గర ఎక్కువగా కుకుర్బిటా మోస్కాటా అనే జాతి. రికార్డు కాయలన్నీ కుకుర్బిటా మాక్సిమా జాతివి.

ఈ రెంటినీ గుర్తుపట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. రైతు బజారులో తియ్య గుమ్మడికాయను చేతిలోకి తీసుకుని తొడిమ చూడండి. గట్టిగా, అయిదు పలకలుగా ఉండి, కాయను తాకే చోట గొడుగులా విచ్చుకుని ఉంటే అది మోస్కాటా. తొడిమ గుండ్రంగా, లావుగా, బెండులా మెత్తగా ఉండి, విచ్చుకోకుండా కాయలోకి దిగిపోతే మాక్సిమా. ఆకులోనూ తేడా ఉంది. మోస్కాటా ఆకు మీద ఈనెలు కలిసే చోట తెల్లటి మచ్చలు సాధారణంగా కనబడతాయి. మాక్సిమా ఆకు గుండ్రంగా, మచ్చలు లేకుండా ఉంటుంది.

మాక్సిమా మన దేశానికి కొత్తదేమీ కాదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క సూర్యముఖి ఆ జాతిదే. దాని కాయ కిలో అటూఇటూగా తూగుతుంది. ఒకే జాతిలో ఒక రకం కాయ కిలో, మరొక రకం కాయ వెయ్యి కిలోలకు పైన. ఇంత దూరాన్ని కలిపేది జన్యువుల ఎంపిక, పెంపకం రెండూ. వాటి వాటాలు విడదీయడమే అసలు చిక్కు.

జాతి వేరైతే మరో ఆశ కూడా చాలావరకు వదులుకోవాలి. మన గుమ్మడి పువ్వు మీద భారీ గుమ్మడి పుప్పొడి అద్ది కొత్త రకం తీద్దామంటే సంకరం కష్టంగా కుదురుతుంది. కుదిరినా ఆ మొక్కల్లో వంధ్యత్వం, అంటే గింజ కట్టలేని గుణం, తరచుగా ఉంటుంది. ఈ రెండు జాతుల సంకరాలను పుచ్చ అంట్లు కట్టడానికి వేరు మొక్కలుగా వాడతారు. వేరు బలంగా ఉంటుంది కాబట్టి ఆ పనికి అవి బాగా పనికొస్తాయి. కాయ బరువుకు దారి అది కాదు.

## కాయ తల్లిది, గింజ ఇద్దరిది

గుమ్మడి తీగ మీద మగపూలు, ఆడపూలు వేర్వేరుగా పూస్తాయి. బతుకమ్మకు గుమ్మడి పూలు కోసేవారికి ఈ తేడా బాగా తెలుసు. సన్నటి పొడవాటి కాడ మీద ఉండేది మగపువ్వు, దాన్ని కోస్తే కాయకు నష్టం లేదు. పువ్వు కింద చిన్న గుండ్రటి పిందె ఉంటే అది ఆడపువ్వు.

ఆ పిందె పుప్పొడి పడకముందే అక్కడ ఉంది. అంటే కాయ గోడ, కండ, తొక్క, తొడిమ అన్నీ తల్లి తీగ శరీరంలో భాగాలే. తండ్రి జన్యువులు చేరేది లోపలి గింజలోకి. కాబట్టి మామూలు తీగ ఆడపువ్వు మీద రికార్డు కాయ వంశం పుప్పొడి అద్దినా ఈ ఏడు కాయ పెరగదు. ఆ పుప్పొడి సత్తా ఏమిటో గింజను నాటి, వచ్చిన తీగకు కాయ కాసినప్పుడే, అంటే మరుసటి పంటలోనే బయటపడుతుంది.

గద్వాల ప్రాంతంలో సీడ్ పత్తి, అంటే సంకర విత్తనం కోసం పండించే పత్తి, వేసే రైతులకు, క్రాసింగ్ పనికి వెళ్లే కూలీలకు ఇది చేతికి అలవాటైన విద్య. సాయంత్రం ఆడ వరుసలోని మొగ్గ నుంచి కేసరాలు గోటితో తీసేస్తారు. మరునాడు ఉదయం మగ వరుస పువ్వు తెచ్చి రుద్దుతారు. కాయ ఆడ మొక్క మీదే పగులుతుంది, సంకరత్వం మాత్రం గింజలో ఉంటుంది. గుమ్మడిలో పని ఇంకా తేలిక, ఎందుకంటే ఆడపువ్వులో తీయడానికి కేసరాలే ఉండవు. మరునాడు విచ్చుకోబోయే ఆడ, మగ మొగ్గలను సాయంత్రమే గుడ్డతోనో దారంతోనో మూసి, తెల్లవారగానే విప్పి, పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్లీ మూసేస్తారు. ఎండెక్కేసరికి పువ్వులు ముడుచుకుపోతాయి. ఇలా మూయకపోతే తేనెటీగ ఏ తోట పుప్పొడి తెచ్చిందో చెప్పగలిగేవారు లేరు.

## ఒకే కాయలోని గింజలు ఒకేలా ఎందుకు ఉండవు

ఒక కాయలో వందల గింజలుంటాయి. వాటన్నిటికీ తల్లి ఒకటే, చేతితో అద్దితే తండ్రీ ఒకటే. అయినా అవి అచ్చు ఒకే మొక్కలు కావు, తోబుట్టువులు.

గుమ్మడి కణంలో జన్యువులను మోసే పోగులు, అంటే క్రోమోజోములు, 40. అంటే 20 జతలు. పుప్పొడి రేణువు తయారయ్యేటప్పుడు ప్రతి జత నుంచి ఒకటి వెళుతుంది. ఒక్కో జతకు రెండు అవకాశాల చొప్పున 20 జతలకు లెక్క కడితే 10,48,576 కలయికలు. అండం వైపూ అన్నే. రెండూ కలిస్తే ఒక గింజకు ఉన్న అవకాశాలు లక్ష కోట్లకు పైన. క్రోమోజోముల మధ్య జరిగే ముక్కల మార్పిడిని ఈ లెక్కలో కలపనేలేదు.

కాయ బరువును నడిపేది ఒక్క జన్యువు కాదు. తీగ బలం, ఆకు విస్తీర్ణం, కాయలోకి ఆహారం మోసే నాళాలు, కాయ గోడ మందం, తొక్క సాగే గుణం, ఇలా ప్రతిదాని వెనకా ఎన్నో జన్యువులు కొంచెం కొంచెం పనిచేస్తాయి. అందువల్ల గొప్ప కాయ గింజల్లో కొన్నిటికి మేలైన జన్యువులు ఎక్కువ పడతాయి, కొన్నిటికి తక్కువ. ఎక్కువ భాగం మధ్యలో ఉంటాయి. అదే కాయ నుంచి తీసిన మీ పది గింజలు ఆ వరుసలో ఎక్కడివో గింజను చూసి ఎవరూ చెప్పలేరు. గింజ లావుగా ఉంటే మొలక మొదట్లో చురుగ్గా ఉండవచ్చు. దాని నుంచి కాయ బరువు ఊహించడం మాత్రం తగదు.

## పేరులోనే బరువు: వంశావళి చీటీ చదవడం

భారీ గుమ్మడి పెంచేవారు గింజకు పెట్టే పేరులో కాయ బరువు, సాగుదారు ఇంటిపేరు, సంవత్సరం ఉంటాయి. ‘2009 వాలెస్ 2012’ అంటే అమెరికాలో రాన్ వాలెస్ 2012లో పండించిన 2,009 పౌండ్ల కాయ గింజ. కిలోల్లో అది 911. పాశ్చాత్య దేశాల వార్తల్లో టన్ను దాటిన మొదటి గుమ్మడి ఇదే అంటారు. అక్కడ వాడే టన్ను 2,000 పౌండ్లది. మన వెయ్యి కిలోల టన్నును దాటింది 2014లో, స్విట్జర్లాండ్‌కు చెందిన బెని మైయర్ పండించిన 1,054 కిలోల కాయ. పేరు పక్కన గుణకారం గుర్తు ఉంటే దానికి ముందున్నది తల్లి, తర్వాతిది పుప్పొడి ఇచ్చిన తండ్రి.

ఇంత క్రమశిక్షణతో రాసుకున్న చీటీలు ఏ కూరగాయకూ ఉండవేమో. అయితే చీటీ మీది పెద్ద అంకె చెప్పేది తల్లి తీగ ఒక ఏడాది, ఒక నేల మీద, ఒక మనిషి చేతిలో సాధించిన బరువు. మీ చేతిలోని గింజ ఇంకా ఏమీ సాధించలేదు. నేను ఈ వ్యాసంలో గట్టిగా చెప్పదలచింది ఇదే. చూడవలసిన అంకె తల్లి బరువు కాదు, ఆ గింజ తోబుట్టువులు వేర్వేరు చోట్ల కాసిన కాయల బరువులు. దున్నపోతు విలువను దాని ఒడ్డూ పొడుగూ బట్టి కాక దాని దూడలు ఇచ్చే పాలను బట్టి కట్టినట్టు.

ఒక ఊహా లెక్క చూద్దాం. మొదటి కాయ 900 కిలోలు. దాని గింజలు పదిమంది నాటితే సగటున 400 కిలోల కాయలు వచ్చాయి. రెండో కాయ 650 కిలోలే. దాని గింజల సగటు 520 కిలోలు. ప్రకటనలో మొదటిది మెరుస్తుంది, తోటకు రెండోది మేలు.

ఈ సగటునూ కళ్లు మూసుకుని నమ్మలేం. పేరున్న గింజ చేయి తిరిగిన సాగుదారుల దగ్గరికే ముందుగా చేరుతుంది. వాళ్ల నేల, వాళ్ల నైపుణ్యం తెచ్చిన బరువు కూడా గింజ ఖాతాలో పడుతుంది. పెద్ద కాయ కాసినవారే ఫలితం చెప్పి, కుళ్లినవారు, పగిలినవారు చెప్పకపోతే సగటు ఇంకా ఉబ్బుతుంది. ఒకే మనిషి ఒకే తోటలో రెండు వంశాలను పక్కపక్కన పెంచి పోల్చిన ఫలితం ఉంటే దానికి ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

## బరువులో జన్యువుల వాటాను కొలవడం

అనువంశికత అనే మాటకు ఇక్కడ అర్థం: ఒక తోటలో కాయల మధ్య కనిపించే తేడాల్లో తర్వాతి తరానికి అందే భాగం ఎంత అని. దేవరకొండ వైపు ఒక రైతు సొంత తియ్య గుమ్మడి విత్తనంతో తోట వేశాడనుకుందాం. తీగకు ఒక కాయే ఉంచాడు. సగటు 12 కిలోలు. అన్నిటికన్నా పెద్ద కాయలు కాసిన తీగలను ఏరితే వాటి సగటు 20. తోట సగటుకన్నా 8 కిలోలు ఎక్కువ. ఈ తీగల మధ్యే పుప్పొడి మారిందనుకుని ఆ గింజలు నాటితే, మరుసటి తరం సగటు 14 వచ్చిందనుకుందాం. ఏరినవి 8 కిలోలు మిన్న, పిల్లలకు అందింది 2 కిలోలు. రెండును ఎనిమిదితో భాగిస్తే 0.25. అంటే తేడాలో పావువంతు వారసత్వంగా దిగింది. మిగతా ముప్పావు ఎరువు కుప్ప పక్కన పడటం, డ్రిప్ దగ్గరగా ఉండటం, పిందె ముందుగా నిలవడం వంటి వాటి వల్ల, తర్వాతి తరానికి అందని జన్యు కలయికల వల్ల వచ్చింది.

ఈ 0.25 గుమ్మడికి శాశ్వతంగా రాసిపెట్టిన అంకె కాదు. ఆ తోటకు, ఆ విత్తనానికి, ఆ ఏడాదికి చెందింది. నేల ఎంత ఎగుడుదిగుడుగా ఉంటే జన్యువుల వాటా అంత చిన్నదిగా కనబడుతుంది.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. తండ్రి ఎవరో తెలియకుండా తేనెటీగలకే వదిలేస్తే ఎంపిక తల్లి వైపు మాత్రమే జరిగినట్టు. తండ్రుల సగటు తోట సగటే కాబట్టి లాభం సగానికి, అంటే 2 కిలోల నుంచి 1 కిలోకు పడిపోతుంది.

## సొంత పుప్పొడా, బయటి పుప్పొడా

పుప్పొడి అద్దేది పిందె దశలో, తూకం వేసేది నెలల తర్వాత. అద్దే రోజున ఏ తీగ గెలుస్తుందో తెలియదు. మరి మేలైన తండ్రిని ఎంచుకోవడం ఎలా? భారీ గుమ్మడి పెంచేవారిలో రెండు వాదాలు ఉన్నాయి.

కొందరు అదే తీగ మగపువ్వును అదే తీగ ఆడపువ్వుకు అద్దుతారు. దీన్ని స్వపరాగ సంపర్కం అంటారు. కాయ గెలిస్తే తల్లీ తండ్రీ రెండూ గెలిచినట్టే. పైగా ప్రతి తరంలో జన్యువు జతలోని రెండు ప్రతులూ వేర్వేరుగా ఉన్న చోట్లు సగానికి తగ్గుతాయి: 100 చోట్లతో మొదలైతే తరువాతి తరంలో సగటున 50, ఆపైన 25, ఆపైన 12 చిల్లర. గింజల మధ్య తేడా తగ్గి నమ్మకం పెరుగుతుంది. మొక్కజొన్నను ఇలా చేస్తే తరతరానికీ మొక్క బలహీనపడుతుంది. గుమ్మడి కుటుంబంలో ఆ నష్టం పోల్చితే తక్కువని కొత్త రకాలు తీసే శాస్త్రవేత్తలు చెబుతారు.

రెండో వర్గం మాట కూడా తీసిపారేయదగింది కాదు. తక్కువ నష్టమంటే నష్టమే లేదని అర్థం కాదు, అది వంశాన్ని బట్టి మారుతుంది. స్వపరాగంతో ఉన్న జన్యువులు కుదురుకుంటాయే తప్ప లేనివి రావు. ఒక వంశంలో కాయ పెద్దదై తొడిమ దగ్గర పగిలే గుణం ఉంటే, సొంత పుప్పొడితో ఆ లోపం కూడా కుదురుకుంటుంది. గోడ మందంగా ఉండి పగలని మరో వంశంతో కలిపితేనే దాన్ని దాటగలం. నా అభిప్రాయంలో ఇది గెలుపోటముల వాదం కాదు. బయటి పుప్పొడి తేడాను తెస్తుంది, సొంత పుప్పొడి ఆ తేడాలోంచి ఒకదాన్ని నిలుపుతుంది. పేరున్న వంశావళుల్లో రెండూ కనిపిస్తాయి.

## రికార్డులు పెంచింది విత్తనమా, నేలా?

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రదర్శనలో కెనడాకు చెందిన విలియం వార్నాక్ కాయ 403 పౌండ్లు, అంటే 183 కిలోలు తూగింది. ఆ రికార్డు 1976 దాకా చెక్కుచెదరలేదు. కెనడాలోని నోవా స్కోషియా రైతు హోవార్డ్ డిల్ తన ఎంపికతో తీసిన అట్లాంటిక్ జెయింట్ రకం 1981లో 224 కిలోలకు చేరింది. 1996లో 481 కిలోలు, 2012లో 911, 2016లో బెల్జియం సాగుదారు కాయ 1,190. డెబ్బై ఏళ్లకు పైగా కదలని అంకె ఆ తర్వాత నలభై ఏళ్లలో అయిదు రెట్లకు పైగా పెరిగింది.

విత్తనం వైపు మాట్లాడేవారు దీనికి డిల్ రకాన్ని, ఆ తర్వాత గింజలను పంచుకుని వంశావళి రాసుకున్న సాగుదారుల సంఘాలను కారణంగా చూపుతారు. నేల వైపు వారు మట్టి పరీక్షలు, వేళ్లకు మేలు చేసే శిలీంధ్రాలు, తీగకు ఒక్క కాయే ఉంచడం, రాత్రి చలి నుంచి కాపాడే కప్పులు చూపుతారు. రెండూ ఒకే కాలంలో మెరుగుపడ్డాయి కనుక రికార్డుల పట్టికను బట్టి వాటాలు తేల్చలేం. 2015లో జెస్సికా సావేజ్, డస్టిన్ హైన్స్, మిషెల్ హోల్‌బ్రూక్ ప్రచురించిన అధ్యయనం ఇక్కడ ఉపయోగపడుతుంది. భారీ రకాల ఆకులు ఆహారం తయారీలో ప్రత్యేకంగా మెరుగైనవని వారికి కనబడలేదు. ఆహారాన్ని మోసే పోషక కణజాలం మాత్రం ఆకు కాడల్లో, కాయ తొడిమలో ఎక్కువగా ఉంది. అంటే ఎంపిక వల్ల పెరిగింది మోసే దారి. ఆ దారిలో వెళ్లాల్సిన సరుకు ఎండ, నీరు, ఆకు ఇవ్వాలి.

మన దగ్గర చిక్కు అక్కడే. జూన్‌లో దక్షిణ ఇంగ్లండ్‌లో పగలు పదహారు గంటలు దాటుతుంది, నల్లగొండలో పదమూడు గంటల పైచిలుకు. అక్కడి రాత్రులు చల్లన. మన వేసవి రాత్రుల వేడిలో మొక్క పగలు కూడబెట్టిన చక్కెరలో పెద్ద భాగం శ్వాసక్రియకే ఖర్చు చేస్తుంది. ఎండ ముదిరితే మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి, నిలిచిన పిందె రాలుతుంది. వానాకాలంలో వేడి తగ్గినా బూడిద తెగులు, పండు ఈగ ఉంటాయి. యాసంగిలో రాత్రులు అనుకూలం, పగలు పొట్టి. అదే గింజ ఇక్కడ మామూలు గుమ్మడికన్నా పెద్ద కాయ కాయవచ్చు. బొమ్మలో కాయను ఆశించడానికి మాత్రం ఆధారం లేదు.

## ప్యాకెట్, చట్టం

‘అట్లాంటిక్ జెయింట్’ అని రాసిన మామూలు ప్యాకెట్‌లో సాధారణంగా తేనెటీగలు పుప్పొడి చేర్చిన పువ్వుల గింజలుంటాయి. తల్లిదండ్రుల పేర్లు ఉండవు. విదేశాల నుంచి గింజ తెప్పించాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కవరులో పెట్టి పంపించుకోవడం కుదరదు. ఆ కట్టడికి కారణం గింజతోపాటు వచ్చే వైరస్‌లు, శిలీంధ్రాలు. ఇక్కడి రైతు సొంత పంట గింజను దాచుకోవడం, మార్చుకోవడం, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవడం 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు.

## మన తియ్య గుమ్మడిలోనే ఎంపిక చేస్తే

దేవరకొండ లెక్కకే వద్దాం. ఆ రైతు ప్రతి తీగకూ సొంత పుప్పొడే అద్ది, తూకం అయ్యాక పెద్ద కాయల గింజలే ఉంచితే ఎంపిక రెండువైపులా పడుతుంది. అయితే ఏటా రెండేసి కిలోలు అలాగే కలుస్తాయని అనుకోకూడదు. ఎంపిక సాగేకొద్దీ తోటలో జన్యువుల తేడా కరిగి లాభం చిన్నదవుతుంది. ఒక్క అతిపెద్ద కాయ నుంచే గింజ తీస్తే ఆ తరుగుదల ఇంకా త్వరగా వస్తుంది. పలు తీగల నుంచి తీస్తే మొదటి ఏడు లాభం కొంచెం తగ్గినా తర్వాతి తరాలకు సరుకు మిగులుతుంది.

నాలుగో ఏట సగటు 17 కిలోలకు చేరిందనుకుందాం. అది విత్తనం గొప్పా, ఆ ఏడు పడిన వానలదా? ఆరబెట్టి చల్లని చోట దాచిన గుమ్మడి గింజ నాలుగైదేళ్లు మొలకెత్తుతుంది. మొదటి ఏడు దాచిన గింజను నాలుగో ఏటి గింజ పక్కనే, అదే మడిలో, అదే రోజున, ఒక వరుస విడిచి ఒక వరుస నాటాలి. పాత గింజ 15 కిలోలు, కొత్త గింజ 17 కిలోలు కాస్తే, పెరిగిన అయిదు కిలోల్లో మూడు వానవి, నీటివి, ఎరువువి. విత్తనం తెచ్చింది రెండు.